ఆరో తరగతిలో ముందు తరాజు, తర్వాతే ఆవర్తన పట్టిక

దసరా సెలవులకు మా తమ్ముడి కొడుకు హన్మకొండ నుంచి వచ్చాడు. ఆరో తరగతి చదువుతున్నాడు, ఒక ప్రైవేటు స్కూల్లో ఫౌండేషన్ బ్యాచ్. వాడి సంచిలో కెమిస్ట్రీకి వేరే పుస్తకం ఉంది. తెరిచి చూస్తే మొదటి పాఠంలోనే ఇరవై మూలకాల సంకేతాలు, పరమాణు సంఖ్యలు, వేలెన్సీలు (ఒక పరమాణువు ఎన్ని బంధాలు కడుతుందో చెప్పే అంకెలు). వాడు పుస్తకం మూసి అన్నీ గడగడా అప్పజెప్పాడు. ఇరవైలో లేని ఐరన్‌ వేలెన్సీ కూడా చెప్పాడు, రెండు లేదా మూడు అని. అప్పుడు పొయ్యి మీద చాయ్‌కి నీళ్లు మరుగుతున్నాయి. "ఆ బుడగల్లో ఏముందిరా?" అని అడిగాను. వాడు క్షణం కూడా ఆలోచించలేదు. "హైడ్రోజన్, ఆక్సిజన్ అత్తమ్మా. వాటర్ అంటే హెచ్‌టూఓ కదా" అన్నాడు.

నేను పరకాల దాటాక భూపాలపల్లి రోడ్డు మీద ఉండే ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతిక రసాయన శాస్త్రం చెబుతాను. ఆరు, ఏడు తరగతులకు సామాన్య శాస్త్రం కూడా నాదే. ఇదే ప్రశ్న మా పిల్లల్ని అడిగితే ఎక్కువమంది "గాలి మేడం" అంటారు. అదీ సరైన జవాబు కాదు, తెర్లుతున్న నీళ్లలో బుడగలు నీటి ఆవిరివి. కానీ ఈ రెండు తప్పులూ ఒకటి కావు. గిన్నె వేడెక్కుతున్నప్పుడు అడుగున ముందుగా అతుక్కుని కనిపించే చిన్న చిన్న బుడగలు నిజంగా గాలివే, నీళ్లలో కరిగి ఉన్న గాలి బయటికి వస్తుంది. "గాలి" అన్న పిల్ల తాను చూసినదాన్నుంచి జవాబు చెప్పింది. ఆ ఆవిరికి అడ్డంగా చల్లటి స్టీలు పళ్లెం పెట్టి, దాని మీద నీటి చుక్కలు చూపిస్తే ఆమె తన జవాబును తానే సరిచేసుకుంటుంది. మావాడి జవాబు సూత్రం నుంచి వచ్చింది. పళ్లెం మీద చుక్కలు చూపించినా వాడు వెంటనే ఒప్పుకోలేదు. పుస్తకంలో ఉన్నది తప్పెలా అవుతుంది?

ఇది వాడొక్కడి సంగతి కాదు. న్యూజిలాండ్‌లో ఓస్బోర్న్, కాస్‌గ్రోవ్ అనే పరిశోధకులు 1983లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా ఈ ప్రశ్నే అడిగారు. మరిగే నీళ్ల బుడగల్లో హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్నాయని చెప్పిన పిల్లలు వాళ్లకూ కనిపించారు. సైన్సు చదువుకున్న పెద్ద పిల్లల్లోనూ ఆ జవాబు ఉంది.

అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నాలుగు నుంచి ఏడు తరగతుల పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పాలి, గట్టిగా చెప్పాలి. కానీ అది సంకేతాలతో, వేలెన్సీలతో మొదలు కాకూడదు. తూకంతో మొదలవ్వాలి. బడిలో ఆవర్తన పట్టిక చార్టు గోడకెక్కే ముందు బల్ల మీదికి ఒక తరాజు రావాలి.

పెద్దవాళ్లు వందేళ్లు తీసుకున్న సంగతి

పరమాణువు అనే మాటను మనం ఎంత సులువుగా పిల్లల చేతిలో పెడుతున్నామో ఒక్కసారి ఆలోచించండి. డాల్టన్ తన పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చింది 1808లో. మెండలీవ్ 1869లో పట్టిక వేసేనాటికి కూడా పరమాణువులు నిజంగా ఉన్నాయా, లేక లెక్కల కోసం మనం అనుకున్నవేనా అని పెద్ద పెద్ద రసాయన శాస్త్రవేత్తలు వాదించుకుంటూనే ఉన్నారు. ఐన్‌స్టీన్ 1905లో, నీళ్లలో తేలే సన్నటి రేణువుల కదలిక మీద వేసిన లెక్కను ఫ్రెంచ్ శాస్త్రవేత్త జీన్ పెరాన్ ప్రయోగాలు చేసి నిలబెట్టాక గానీ, పరమాణువులను నమ్మని జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఓస్వాల్డ్ లాంటివాళ్లు దారికి రాలేదు. ఆ ఓస్వాల్డ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది 1909లో, అదీ రసాయన శాస్త్రంలోనే. అంతటి మనిషి అన్నేళ్లు సాక్ష్యం చూపించమని అడిగాడంటే అది మొండితనమని నేననుకోను. కంటికి కనిపించనిదాన్ని నమ్మమన్నప్పుడు సైన్సు తెలిసినవాడు అడగాల్సిన ప్రశ్నే అది.

మనం పదకొండేళ్ల పిల్లకు ఆ ప్రశ్న అడిగే అవకాశమే ఇవ్వడం లేదు. "ప్రతి పదార్థం పరమాణువులతో తయారైంది" అని ఒక్క వాక్యంలో రాయించి, కింద గీత గీయించి, పరీక్షలో ఖాళీగా పెట్టి పూరించమంటున్నాం.

మరి పరమాణువులు లేకుండా అంతకుముందు రసాయన శాస్త్రం నడవలేదా? నడిచింది, అదీ తరాజు పట్టుకుని నడిచింది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లెవోయిజర్ 1774లో మూసిన గాజు పాత్రలో తగరాన్ని వేడిచేశాడు. లోహం పైన బూడిదలా తయారైంది, అయినా పాత్ర మొత్తం బరువు మారలేదు. మూత తీయగానే గాలి లోపలికి జొరబడింది, అప్పుడు బరువు పెరిగింది. వస్తువు కాలితే దాన్నుంచి ఏదో బయటికి పోతుందని అప్పటిదాకా చాలామంది నమ్మేవాళ్లు. కాలేటప్పుడు గాలిలోంచి ఏదో వచ్చి చేరుతుందని ఆ తూకం చెప్పింది. ఈ ప్రయోగంలోని ఆలోచన ఆరో తరగతి పిల్లకు అందుతుంది. మూసి తూచు, తెరిచి తూచు, తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు. ఇందులో ఒక్క సంకేతం కూడా అక్కర్లేదు.

ఏడికి పోయింది?

మా క్లాసులో నేను ఏడాది పొడుగునా తిరిగి తిరిగి అడిగేది ఒకే ప్రశ్న. ఏడికి పోయింది? లేదా, ఏడికెళ్లి వచ్చింది?

చక్కెరతో మొదలుపెడతాను. గ్లాసులో 200 గ్రాముల నీళ్లు, పక్కన కాగితం మీద 20 గ్రాముల చక్కెర. కలిపి కరిగించాక నీళ్ల బరువు ఎంతుంటుందో ముందే నోటుబుక్కులో రాయమంటాను. రాసిన తర్వాతే తూచేది. కొందరు 220 రాస్తారు. చాలామంది 200 రాస్తారు. 210 రాసేవాళ్లూ ఉంటారు, సగం కరిగిపోయిందని వాళ్ల లెక్క. ఒకసారి వెనక బెంచీ పిల్లవాడు లేచి గట్టిగా వాదించాడు. "కరిగిపోయింది గదా మేడం, కనిపిస్తలేదు. ఇగ బరువేడుంటది?"

ఆ పిల్లవాడి ఇంట్లో పత్తి వేస్తారు. పత్తి ఏరి తెచ్చి ఎండబెట్టకుండా అమ్మడానికి తీసుకుపోతే ఏమవుతుందని అడిగాను. వాడు పెద్దమనిషిలా చెప్పాడు. పచ్చి పత్తి తూకం ఎక్కువ తూగుతుంది, కానీ తేమ మిషన్ పెట్టి ధర తగ్గిస్తారు. ఎండబెడితే తూకం తగ్గుతుంది, ధర వస్తుంది. సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) వాళ్లు ఎనిమిది శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తారు, పన్నెండు దాటితే కొననే కొనరు. వడ్లకైతే పదిహేడు శాతం. ఇవన్నీ మా పిల్లలకు ఎక్కం కన్నా బాగా తెలుసు. "మరి ఎండితే తగ్గిన తూకం ఏడికి పోయింది?" అంటే, "నీళ్లు గాలిల కలిసినయి" అన్నాడు. కళ్లకు కనిపించకుండా పోయిన నీళ్లకు బరువుందని వాడికి తెలుసు. దానికి డబ్బు లెక్క కూడా తెలుసు. అదే ఆలోచనను గ్లాసులోని చక్కెరకు ఎవరూ కలపలేదు, అంతే.

తరాజు 220 చూపించినప్పుడు క్లాసులో వచ్చే గోల నాకు చాలా ఇష్టం. అంతటితో అందరూ ఒప్పుకోరు. "తరాజు ఖరాబైంది" అనేవాళ్లుంటారు. మంచిదే, మళ్లీ తూచమంటాను. ఇంకొకరు ఉప్పుతో చేద్దామంటారు. ఉప్పు నీళ్లను స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెడితే, రెండు రోజులకు అడుగున తెల్లగా ఉప్పు మిగులుతుంది. అప్పుడు వాళ్లే చెబుతారు, అది ఎక్కడికీ పోలేదని.

కరగడం తర్వాత మార్పులోకి వెళతాను. కొంచెం కష్టమైన దశ ఇదే. తినే సోడాలో నిమ్మరసం పోస్తే బుస్సున పొంగుతుంది. ప్రతి స్కూల్లో, ప్రతి సైన్స్ ఫెయిర్‌లో అగ్నిపర్వతం పేరుతో చేసి చూపించేది ఇదే. చప్పట్లు కొడతారు, అయిపోతుంది. కానీ దాన్ని తరాజు మీద పెట్టి చేస్తే అసలు పాఠం అప్పుడు మొదలవుతుంది. పది గ్రాముల సోడా పూర్తిగా పొంగితే ఐదు గ్రాముల దాకా గ్యాస్ పోతుంది. ఒక గ్రాము తేడా చూపించే వంటింటి తరాజు మీద కూడా అది కనబడుతుంది. బరువు ఎందుకు తగ్గింది? ఏడికి పోయింది? బుడగల్లో పోయిందని వాళ్లే అంటారు. అయితే పోకుండా ఆపి చూద్దామా?

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక మాట. చాలామంది సీసా మూతికి బెలూన్ కట్టి, గ్యాస్ బెలూన్లోకి వచ్చింది కాబట్టి బరువు మారదని చెబుతారు. తూచి చూడండి, తగ్గుతుంది. గ్యాస్ ఎక్కడికీ పోలేదు గానీ, ఉబ్బిన బెలూన్‌ను చుట్టూ ఉన్న గాలి పైకి తోస్తుంది. నీళ్లలో మునిగినవాళ్లు తేలికైనట్టే అది కూడా తేలికగా తూగుతుంది. మూడు లీటర్ల బెలూన్‌కి మూడు గ్రాములకు పైనే తేడా వస్తుంది. ఆరో తరగతిలో ఇది వివరించబోతే అసలు విషయం పక్కకు పోతుంది. అందుకని నేను రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా వాడతాను. అందులో సగం గ్లాసు నిమ్మరసం, ఐదు గ్రాములకు మించకుండా సోడా కాగితంలో పొట్లం కట్టి, వేసి, వెంటనే మూత బిగించాలి. ఇది నేనే చేస్తాను, పిల్లల చేతికివ్వను. గాజు సీసాతో ఎప్పుడూ చేయకూడదు. సీసా గట్టిపడుతుంది, బరువు మారదు. మూత తిప్పగానే బుస్సుమంటుంది, తరాజు ఒకటి రెండు గ్రాములు తగ్గుతుంది. లెవోయిజర్ ప్రయోగానికి ఇది తిరగేసిన రూపం.

ఆ తర్వాత కాలడం. పెయింట్ షాపులో దొరికే సన్నటి స్టీల్ ఊల్‌ను కర్ర తరాజుకు ఒక కొసన కట్టి, రెండో కొసన రాయి కట్టి సమానం చేసి, ఊల్‌కు నిప్పు పెట్టి చూపిస్తాను. కాలితే తేలికవుతుందని అందరూ పందెం కాస్తారు. కాలిన వైపే కిందికి దిగుతుంది. ఆ క్షణంలో "ఏడికెళ్లి వచ్చింది?" అనే ప్రశ్న నేను అడగక్కర్లేదు.

ఇది అయ్యాక బొగ్గు గురించి మాట్లాడుకుంటాం. మా రోడ్డు మీద బొగ్గు లారీలు ఆగకుండా తిరుగుతాయి. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, కొందరి నాన్నలు సింగరేణిలో పనిచేస్తారు. లారీ నిండా బొగ్గు కాలితే మిగిలేది బూడిద. మరి మిగతాది? పొగ అయిందంటారు. పొగకు బరువుంటుందా? బొగ్గులోని కార్బన్ కిలో కాలితే మూడున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ తయారవుతుందని నేను చెప్పినప్పుడు, స్టీల్ ఊల్ చూసిన పిల్లలు దాన్ని నమ్ముతారు. అదనపు బరువు గాలి నుంచి వచ్చిందని వాళ్లే చెబుతారు. వాతావరణం వేడెక్కుతోందని పాఠాల్లో ఎన్నిసార్లు చదివినా, ఆ కనిపించని గ్యాస్ టన్నుల్లో తూగుతుందని తెలియకపోతే ఆ పాఠానికి అర్థం లేదు.

పసుపు, సున్నం, కల్లు

ఇంట్లో దొరికే వాటితోనే రసాయన శాస్త్రం చెప్పొచ్చని అంటుంటారు. నేనూ చేస్తాను. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రగా అవుతుందని, హారతి నీళ్లు చూసిన ప్రతి పిల్లకూ తెలుసు. దాంట్లో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగు వస్తుంది. తెల్ల చొక్కా మీద పప్పు మరక సబ్బు పెట్టగానే ఎందుకు ఎర్రబడుతుందో అప్పుడు వాళ్లే చెబుతారు. పాన్ డబ్బాలో దొరికే సున్నాన్ని నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరుకున్న నీళ్లు వంచుకుంటే సున్నపు తేట వస్తుంది. గొట్టంతో ఊదితే పాలలా అవుతుంది. ఊదాలే గానీ పీల్చకూడదు, కళ్లలో పడకూడదు. గోడకు వేసిన సున్నం గట్టిపడేది కూడా గాలిలోని అదే గ్యాస్‌ను పీల్చుకుని.

ఒకరోజు సున్నం గురించి మాట్లాడుతుంటే, ఎప్పుడూ నోరు తెరవని ఒక అమ్మాయి చెయ్యెత్తింది. వాళ్ల నాన్న తాళ్లెక్కుతాడు. "మా బాపు నీరాకైతే లొట్టికి సున్నం రాస్తడు మేడం. సున్నం లేకుంటే పులుస్తది, కల్లైతది" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఆ పిల్లను ముందుకు పిలిచి మొత్తం చెప్పమన్నాను. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పులవడం, ప్లాస్టిక్ సీసాలో పోసి మూత గట్టిగా పెడితే మూత ఎగిరిపోవడం, అన్నీ చెప్పింది. ఆ సీసాలోంచి వచ్చే గ్యాస్, మన ఊపిరిలోని గ్యాస్, సోడా నిమ్మరసం గ్యాస్ ఒకటేనని ఎలా తేల్చాలి అని అడిగితే ఇంకో పిల్లవాడు సున్నపు తేటను చూపించాడు.

ఆ సాయంత్రం స్టాఫ్ రూంలో ఒక సార్ ఆరో తరగతిలో కల్లు ముచ్చటేంది మేడం అని నొచ్చుకున్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. తాగుడుతో ఆగమైన ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి. కానీ ఆ పిల్లకు తండ్రి పని గురించి క్లాసులో మాట్లాడే అవకాశం వచ్చింది, ఆ పనిలో ఒక జ్ఞానం ఉందని మిగతావాళ్లకు తెలిసింది. నేను దాన్ని వెనక్కి తీసుకోను.

అయినా ఇంటి వస్తువుల మీద నాకొక అనుమానం పీకుతూనే ఉంటుంది. దాన్ని నాలో పుట్టించింది ఏడో తరగతి పిల్ల. "మేడం, గురుకులంల మా అక్కోళ్లకు గాజు సీసాలు, బర్నర్లు ఉన్నయట. మాకు ఎప్పటికీ కొబ్బరి చిప్పలు, కూల్‌డ్రింక్ సీసాలేనా?" అని అడిగింది. నేను చాలాసేపు ఏమీ చెప్పలేకపోయాను. ఆ పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఖర్చు లేని ప్రయోగాలు అని మనం మెచ్చుకునే మాట, సర్కారు బడిలో ఖర్చు పెట్టకుండా తప్పించుకోవడానికి చాలాసార్లు సాకు అవుతుంది. పల్లెటూరి పిల్లలకు పసుపూ చింతపండూ, పట్నం పిల్లలకు బీకరూ బ్యూరెట్టూ అనే విభజన నాకు అస్సలు ఇష్టం లేదు. గాజు పరికరాలకు ఒక విలువ కూడా ఉంది. లోపల జరిగేది కనిపిస్తుంది, వేడిని తట్టుకుంటుంది, కొలత గీతలు ఉంటాయి. పట్టుకోవడంలో ఒక శ్రద్ధ అలవాటవుతుంది. పరీక్షనాళిక చేతిలోకి రాగానే పిల్లల వెన్ను నిటారుగా నిలబడటం నేను చూశాను.

అందుకే నేను రెండూ కావాలంటాను. పసుపుతో మొదలవ్వాలి, పసుపుతో ఆగిపోకూడదు. పీడీ సార్‌కు ఫుట్‌బాల్ కొన్నంత సులువుగా సైన్సు గదికి అరడజను తరాజులు, ఇరవై పరీక్షనాళికలు కొనాలి. ఒక గ్రాము చూపించే వంటింటి తరాజు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

ఇంటర్‌లో వెనకబడితే?

మా తమ్ముడితో ఈ విషయం మీద రాత్రి చాలాసేపు మాటలయ్యాయి. "అక్కా, నువ్వు చెప్పేది బాగుంది. కానీ వీడితో పాటు కూర్చునేవాళ్లు ఎనిమిదికే మోల్ కాన్సెప్ట్ చేస్తరు. వీడొక్కడు చక్కెర తూచుకుంట కూసుంటే రేపు ఇంటర్‌ల టెన్షన్ ఎవరికి?" అన్నాడు. కొడుకు భవిష్యత్తు గురించి భయపడే తండ్రిని నేను తప్పుపట్టలేను. ఇంటికి కాస్త దూరంలోనే ఎన్ఐటీ ఉంది. దాని గేటు ముందు నుంచి రోజూ స్కూల్ బస్సు పోతుంటే ఏ తండ్రికైనా ఆశ ఉంటుంది.

నేను మా తమ్ముడికి చెప్పింది ఇది. ఇరవై మూలకాల పేర్లు, వేలెన్సీలు తొమ్మిదో తరగతిలో రెండు వారాల్లో వస్తాయి. నేను ఏటా చూస్తున్నాను. కానీ రసాయన సమీకరణాన్ని తుల్యం చేయడం చాలామంది పదో తరగతిలో కూడా ఎందుకు చేయలేకపోతున్నారు? రెండు వైపులా అంకెలు ఎందుకు సమానం కావాలో వాళ్లకు ఎప్పుడూ అనుభవంలోకి రాలేదు. దాన్ని అంకెల ఆటగా ఆడతారు, ఒక్కోసారి హెచ్‌టూఓలో రెండును తీసేసి మూడు పెట్టి సరిచేస్తారు. బరువు ఎక్కడికీ పోదని చేత్తో చూసిన పిల్ల అలా చేయదు. మోల్ కాన్సెప్ట్ అంటే, కణాలు ఎన్నున్నాయో బరువును బట్టి లెక్కగట్టడం, చివరికి తూకం లెక్కే కదా.

ఇంకొక మాట కూడా చెప్పాను. పేర్లు తెలియడం వేరు, పదార్థం తెలియడం వేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు చేసిన ఉక్కు పర్షియా దాకా పోయింది. మట్టి మూసలో ఇనుమును, కార్బన్ ఇచ్చే పదార్థాలతో కలిపి మూసేసి ఎంతసేపు కాల్చాలో, ఎంత నిదానంగా చల్లార్చాలో అక్కడి కమ్మరులకు తెలుసు. 1819లో మైకేల్ ఫారడే ఇలాంటి భారతీయ ఉక్కు నమూనాలను లండన్‌లో పరీక్షించి దాని గుట్టు తెలుసుకోవాలని ప్రయత్నించాడు. ఆయన అల్యూమినా, సిలికా వైపు చూశాడు, కానీ ఆ ఉక్కు ప్రత్యేకతకు అసలు కారణం కార్బన్. మా తమ్ముడు వెంటనే అందుకున్నాడు. "మరి వాళ్లకు ఎందుకో తెలియలేదు కదక్కా. తెలిసి ఉంటే ఆ విద్య నిలిచేదేమో!" ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. విద్య నిలవకపోవడానికి చాలా కారణాలుంటాయి, కానీ "ఎందుకు" అనేది కావాలన్నది నిజమే. చేయి తెలిసినంత మాత్రాన చాలదు. ఏదో ఒకరోజు పిల్లలకు పరమాణువుల దాకా వెళ్లాల్సిందే.

ఎప్పుడు అనేదే నాకు ఇంకా తేలని ప్రశ్న. సున్నపు తేట పాలలా మారడం చూసి, "సున్నం, గ్యాస్ కలిస్తే కొత్తది ఎట్లయింది మేడం? లోపల ఏం జరిగింది?" అని అడిగే పిల్ల ప్రతి సంవత్సరం ఒకరైనా ఉంటారు. ఆమెతో "అది తొమ్మిదో తరగతిలో వస్తుంది" అనడం నాకు చేతకాదు. చెబుతాను. కంటికి కనిపించని చిన్న చిన్న కణాలు ఉన్నాయని, అవి ఒకదాన్ని వదిలి ఇంకోదాంతో జతకడతాయని చెబుతాను. అయితే "చాలామంది పెద్దవాళ్లు కూడా దీన్ని చాలా కాలం నమ్మలేదు, నువ్వూ సాక్ష్యం అడుగు" అని కలిపి చెబుతాను. గది మూలన అగరబత్తి వెలిగిస్తే చివరి బెంచీకి వాసన ఎలా చేరిందో, చల్లనీళ్లలో కన్నా వేడినీళ్లలో రంగు ఎందుకు త్వరగా పాకుతుందో చూపిస్తాను. ఈ కణాల ఆలోచన ఐదో తరగతిలోనే బొమ్మలు గీయించి మొదలుపెట్టాలనే ఉపాధ్యాయులూ ఉన్నారు, వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. నేను కాదనేది ఆ ఆలోచనను కాదు. సాక్ష్యం లేకుండా దాన్ని బట్టీ పట్టించి మార్కులు వేయడాన్ని.

మన దేశంలో ఇలాంటి చదువు పెద్ద ఎత్తున జరగలేదని కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పల్లెటూరి పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగాలు చేశారు, జవాబులు తామే రాసుకున్నారు. పుస్తకం చూసి రాసే పరీక్షలు పెట్టారు. 1982లో ఏకలవ్య సంస్థ వచ్చాక అది చాలా జిల్లాలకు పాకింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు సర్కారు బడుల్లోనే నడిచిన పని కాబట్టి, మన బడుల్లో ఇది కుదరదు అనే మాటను నేను ఒప్పుకోను.

మందు డబ్బా

నేను ఇంత పట్టుబట్టడానికి పరీక్షలకు సంబంధం లేని ఒక కారణం కూడా ఉంది. మాది పత్తి, మిర్చి పండే ప్రాంతం. ఇళ్లలో, చేలల్లో పురుగుల మందు డబ్బాలు ఎక్కడబడితే అక్కడ ఉంటాయి. ఖాళీ డబ్బా కడిగి కిరోసిన్ పోసుకునేవాళ్లను, నీళ్లు తీసుకెళ్లేవాళ్లను కూడా చూశాను. డబ్బా మీద, మూల మీద నిలబెట్టినట్టుండే చదరం గుర్తు ఉంటుంది, కింద సగం రంగులో. ఎరుపు అంటే అత్యంత విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అంటే అన్నిటికన్నా తక్కువ విషం. తక్కువ అంటే లేదని కాదు. ఇది ఏడో తరగతి పిల్లకు తెలిసి ఉండాలా, సోడియం పరమాణు సంఖ్య తెలిసి ఉండాలా అని అడిగితే నేను తడుముకోను.

క్లాసులో అడిగాను. డబ్బా రెండుసార్లు కడిగితే మందు ఏడికి పోయింది? ముందు "పోయింది మేడం" అన్నారు. చక్కెర తూచిన పిల్లలు కాబట్టి ఒకరు ఆగి, "కడిగిన నీళ్లల్లకు పోయింది" అన్నారు. నీళ్లు ఏడ పోశారు? బావి దగ్గర. అక్కణ్ణుంచి మాట్లాడాల్సింది చాలా వచ్చింది.

ఇదే ప్రశ్న ఇంట్లోకి కూడా వస్తుంది. బాత్రూంలో ఒక డబ్బా బ్లీచింగ్ పౌడర్, ఒక సీసా యాసిడ్ ఉంటాయి. రెండూ కలిపితే ఇంకా తెల్లగా అవుతుందని కలిపేవాళ్లున్నారు. అప్పుడు వచ్చేది క్లోరిన్ గ్యాస్, ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. సోడా నిమ్మరసం కలిస్తే కొత్త గ్యాస్ పుట్టడం చేత్తో చూసిన పిల్లకు, రెండు వేరే వేరే పదార్థాలు కలిస్తే మూడోది పుట్టొచ్చని తెలుసు. ఆ పిల్ల ఇంట్లో అమ్మను ఆపుతుంది. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో ప్రయోగాలు చేసే పిల్లల గురించి తల్లిదండ్రులు టెన్షన్ పడతారు, అది సరైన భయమే. దానికి మందు పిల్లల్ని రసాయనాలకు దూరంగా పెట్టడం కాదు. ఏది ఎవరి పక్కన చేయాలో, ఏది అసలు చేయకూడదో బడిలోనే చెప్పాలి. కళ్లద్దాలు లేకుండా సున్నం ముట్టకూడదని మా బడిలో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు.

సమస్యలు లేవని చెప్పను. క్లాసులో నలభై మందికి పైగా ఉంటే ఒక తరాజు చుట్టూ ముందు వరుస పిల్లలే చేరతారు, ఆడపిల్లలు వెనకపడతారు. నేను గుంపులు చేసి, ప్రతిసారీ తూచేవాళ్లు మారాలని నియమం పెట్టాను, అయినా చూస్తూ ఉండాల్సిందే. సమయం సరిపోదు, సిలబస్ వెనకబడుతుంది. వేరుచేసే పద్ధతుల పాఠాన్ని, ఆమ్లాలు క్షారాల పాఠాన్ని ప్రయోగాల్లో కలిపేస్తే కొంత సర్దుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ప్రశ్నపత్రం. నిర్వచనాలు, సంకేతాలు అడిగినంతకాలం ఏ ఉపాధ్యాయురాలూ తరాజు ముందు పీరియడ్ ఖర్చుపెట్టడానికి ధైర్యం చేయదు. అందుకని మా యూనిట్ టెస్టులో నేను పెట్టే ప్రశ్నల్లో ఒకదాన్ని ఇక్కడ రాస్తున్నాను, నచ్చినవాళ్లు తీసుకోండి. "50 గ్రాముల తడి బట్టను ఎండబెడితే 30 గ్రాములైంది. 50 గ్రాముల స్టీల్ ఊల్‌ను కాలిస్తే 55 గ్రాములైంది. రెండింటిలో ఏది ఏడికి పోయిందో, ఏది ఏడికెళ్లి వచ్చిందో రాసి, నీ జవాబు సరైనదని తేల్చడానికి ఒక ప్రయోగం చెప్పు." ఐదు మార్కులు. ప్రయోగం సరిగ్గా ఆలోచిస్తే, జవాబు తప్పైనా మూడు మార్కులు వేస్తాను.